విత్తనం పడని దుక్కి

నా ఉద్యోగం పేరు ఆటల సూపరింటెండెంటు. కాగితం మీద అలాగే ఉంది. నరసరావుపేటలో మాత్రం బడిపిల్లల దగ్గర్నుంచి జట్కా తోలేవాళ్ళ దాకా అందరికీ నేను ‘ఈల సాయిబు’నే. మెడలో ఈల ఉంటుంది, పుట్టుకతో సాయిబునే, కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట అనేటప్పుడు పెద్దమనుషుల మూతి ఒక పక్కకు పోతుంది. అది చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లెక్కలు చెప్పేవాడు పంతులుగారు, తెలుగు చెప్పేవాడు పండితులుగారు, ఆటలు నేర్పేవాడికి మాత్రం గారూ లేదు, గౌరవమూ లేదు. మద్రాసులో ఏడాదిపాటు వ్యాయామ విద్య చదివి ప్యాసై వచ్చినవాణ్ణి. నా పేరు ఖాదర్ వలి. మా నాయన దూది ఏకి బతికాడు. ఏకిన దూదంతా మా హైస్కూలు కమిటీ ప్రెసిడెంటు నాగభూషణరావు గారి జిన్నింగు మిల్లుదే. అందుకని నేను ఎంత చదివినా ఆయన కంటికి దూదేకులవాడి కొడుకునే.

నేను వచ్చేసరికి బడికి ఆటస్థలమంటూ లేదు. బడి వెనక, మిల్లు గోడకు ఆనుకుని, జిల్లేడు చెట్లూ తుమ్మ మోళ్ళూ ఉన్న బీడు ఒకటి ఉండేది. ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు బడి పేర రాసిచ్చి చచ్చిపోయాడు. నేనూ పిల్లలూ కలిసి ఆ మోళ్ళు తవ్వాం, ముళ్ళు ఏరాం, గుంటలు పూడ్చాం. ఫుట్‌బాలుకు కర్రలు పాతాం. మట్టి నల్లరేగడి. వానాకాలం కాలు దిగబడుతుంది, ఎండాకాలం బండరాయి అవుతుంది. అయినా అది మా నేల. సాయంత్రం బడి వదిలాక అక్కడ లేచే కేకలు విని దారినపోయే వాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆ కేకలు నాకు ప్రాణం. దాచుకోవలసిన సంగతేమీ కాదు, చెబుతున్నాను.

ఒక్క లోటు ఉండేది. పల్నాటి పిల్లలకు రక్తంలో ఉన్న ఆట చెడుగుడు. కూత పెట్టుకుంటూ అవతలి గళ్ళోకి పోవాలి, ఒకణ్ణి తాకి, ఊపిరి తెగకుండా గీత దాటి వెనక్కి రావాలి. ఊపిరి తెగినా, మధ్యలో ఇంకో మాట ఆడినా అవుటే. ఆ ఆటకు మెత్తటి నేల కావాలి. మా బండనేల మీద ఆడితే మోచిప్పలు లేచిపోతాయి. బండెడు ఇసుక తోలించమని మూడేళ్ళు కమిటీని అడిగాను. నాగభూషణరావు గారు నవ్వారు.

“రేపో మాపో కాలేజీ కాబోయే చోట గొడ్లకాపర్ల ఆట ఏందయ్యా? టెన్నిసు నేర్పు. అయినా అన్ని కులాల పిలకాయలు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు పట్టుకుని లాక్కుంటారా? మా కోటిగాణ్ణి మట్టుకు ఆ జోలికి రానీయమాక.”

కోటి అంటే ఆయన ఒక్కగానొక్క కొడుకు త్రికోటేశ్వరరావు. మా బడిలోనే పై తరగతి. వాడు ఆ జోలికి ఎప్పుడో వచ్చేశాడు. మిల్లు వెనక దూది పొట్టు గుట్టల మీద చాటుగా ఆడుతుంటాడని నాకు తెలుసు. నేను చెప్పలేదు. నాకేం పని?

యుద్ధం అయిపోయిన మరుసటేడు. యుద్ధం పోయినా బియ్యం రాలేదు. రేషను దుకాణం ముందు ఆడవాళ్ళు తెల్లారకముందే వరస కట్టేవాళ్ళు. ఖాళీ నేల కనిపిస్తే చాలు, తిండిగింజలు పండించమని సర్కారు దండోరా వేయించింది. మంచి మాటే. ఆ మంచి మాటను పట్టుకుని నాగభూషణరావు గారు కమిటీ మీటింగు పెట్టించారు.

“మన ఆటస్థలం దున్నించి జొన్న వేద్దాం. దేశసేవ చేసినట్టుంటది,” అన్నారు.

అందరూ తలలూపారు. హెడ్మాస్టరు లక్ష్మీనరసయ్య గారు అందరికంటే ఎక్కువగా ఊపారు. ఆయన మంచివాడే, కాకపోతే గోడ మీద పిల్లి. మిల్లు ఇరుకైపోయిందని, పత్తి బోరేలు వేసుకోవడానికి ప్రెసిడెంటు గారు చోటు వెతుకుతున్నారని ఊళ్ళో తెలియనివాడు లేడు. ఈ ఏడు జొన్న, వచ్చే ఏడు కౌలు, ఆ పైఏడు పత్తి బోరేలు. కంచే చేను మేస్తోందని ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. నాకు కుర్చీ వెయ్యరు కాబట్టి నిలబడే ఉన్నాను. నిలబడినవాడికి లేచే పని లేదు.

“అయ్యా, మీకు అచ్చంపేట దారిలో ఉన్న పొలమంతా పత్తీ పొగాకేగా?” అన్నాను.

“అయితే?”

“పత్తి తింటే కడుపు నిండదు, పొగాకు తింటే అసలే నిండదు. ముందు అది దున్నించి జొన్న వెయ్యండి. ఊరు ఊరంతా తింటది. పిల్లలు కాలు మోపే చోటే దొరికిందా దేశసేవకి?”

హెడ్మాస్టరు గారు నా చొక్కా అంచు పట్టుకుని లాగారు. నాగభూషణరావు గారు మాత్రం కోప్పడలేదు. ఆయన కోప్పడకపోతేనే భయపడాలని మా నాయన చెప్పేవాడు.

“ఆటస్థలం లేకపోతే ఆటల మేస్త్రీకి పనేముంటది? బడిగంట కొట్టే ముసలాయన కళ్ళు కనపడటంలా అంటున్నాడు. ఆ పని నువ్వు చూద్దువుగానిలే, వలీ,” అన్నారు.

తీర్మానం ప్యాసయింది. బయటికి వచ్చాక లక్ష్మీనరసయ్య గారు నన్ను మందలించారు. “నోరు మంచిదైతే ఊరు మంచిది, మాస్టారూ. కాస్త ఒదిగి ఉంటే కాలేజీ వచ్చినప్పుడు మీకే ఫిజికల్ డైరెక్టరు పని ఇప్పిస్తాను కదా.”

“నేల లేని డైరెక్టరు పని నాకెందుకండీ? ఈల మెళ్ళో వేసుకుని పెళ్ళిళ్ళకి పోనా?” అని వచ్చేశాను.

ఇంటికి వచ్చి మా అమ్మ అమీనా బీకి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే అంది: “మీ నాయన ఆళ్ళ దూది ఏకాడు గానీ, ఆళ్ళ మాటకి ఏనాడూ తలూపలేదురా. నువ్వూ ఊపమాక. గంట కొట్టమంటే కొట్టు, అదీ కూడే పెడద్ది. తల మట్టుకు ఊపమాక.”

ఏరువాక పున్నమి నాడు అరకలు వచ్చాయి. కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టిన ప్రెసిడెంటు గారి ఎడ్లు. నాగలి పట్టింది ఆయన పాలేరు ఇన్నయ్య. ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ కొట్టారు. ఫుట్‌బాలు కర్రలు పీకి గోడవారన పారేశారు. నాగలి మొదటి చాలు తీస్తుంటే నేను చూడలేకపోయాను. ఆరేళ్ళు మేము చేతులతో చదును చేసిన నేల పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంటే ఏడుపు ఎట్లా ఆగుతుంది? ఆగలేదు. పిల్లలు చూస్తున్నారని మొహం తిప్పుకున్నాను.

తరవాత రెండు వానలు పడ్డాయి. వెలిసి ఎండ కాశాక ఇన్నయ్య పెళ్ళలు చితికేట్టు గుంటక తోలాడు. మర్నాడు పొద్దున నేను ఆ దారినే బడికి పోతున్నాను. గుండె మండుతూనే ఉంది. గంట కొట్టాలి కదా, వేళకు పోవాలి. అడ్డంగా పోతే దగ్గరని దుక్కిలోకి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో కాలు మెలికపడి బోర్లా పడ్డాను.

దెబ్బ తగలలేదు.

అదే నేల మీద ఆరేళ్ళలో ఎన్నిసార్లు పడ్డానో, ఎన్ని మోచేతులకు అయోడిను రాశానో నాకు తెలుసు. ఇప్పుడు మోకాలికి మట్టి అంటిందంతే. లేచి నిలబడి, మళ్ళీ కావాలని పడ్డాను. ఈసారి భుజం మీద. మెత్తగా ఉంది. ఇన్నయ్య గట్టు మీద నుంచి చూసి నోరు తెరిచాడు.

“ఏంది సాయిబు గారూ, పొద్దు పొద్దున్నే దుక్కిలో పొర్లుతున్నారు? ఒంట్లో బాగుందా?”

“చానా బాగుంది ఇన్నయ్యా! మూడేళ్ళు అడిగితే బండెడు ఇసుక ఇవ్వనాయన, అడక్కుండానే ఎకరం నేల మెత్తగా దున్నించి పెట్టాడయ్యా!” అన్నాను. నవ్వు ఆగలేదు.

ఆ సాయంత్రమే ఈల వేశాను. బూడిదతో గీతలు గీశాం, నడిమధ్యన దాటుగీత. పిల్లలు చొక్కాలు విప్పి గట్టు మీద పడేశారు. శెట్లూ, కమ్మలూ, సాయిబులూ, మాలపల్లె పిల్లలూ ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు పట్టుకుని లాక్కున్నారు. రెండోనాటికి కోటిగాడూ వచ్చి చొక్కా విప్పాడు. “మీ నాయనకి తెలిస్తే?” అన్నాను. “చీకటి పడే దాకా ఆయన మిల్లు లెక్కలు వదిలి ఇటు రాడు సార్,” అన్నాడు. వాడి కూత పొడుగు. అవతలి గళ్ళోకి పోయాడంటే ఒకణ్ణి పడేయందే వచ్చేవాడు కాదు.

ఆ వారంలోనే తంతి వచ్చింది. బడిని కాలేజీ చెయ్యవచ్చో లేదో చూడడానికి యూనివర్సిటీ నుంచి ముగ్గురు పెద్దలు వస్తున్నారు. గదులు చూస్తారు, పుస్తకాలు చూస్తారు, ఆటస్థలం చూస్తారు. కాలేజీకి సొంత ఆటస్థలం ఉండి తీరాలని వాళ్ళ నిబంధన. ఆ సంగతి దున్నించేటప్పుడు మా పెద్దమనుషులకు గుర్తు రాలేదు. కాలేజీ వస్తే గుమ్మం మీద తన తండ్రి పేరు చెక్కించాలని ప్రెసిడెంటు గారి జన్మకోరిక. హెడ్మాస్టరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్రెసిడెంటు గారికి మాత్రం ఉపాయాలకు కరువా?

నన్ను మిల్లుకు పిలిపించారు. “ఇప్పుడు పత్తి రోజులు కావు గదా, మన మిల్లు దొడ్డి ఖాళీనే. ఊడిపించా. ఆ ఫుట్‌బాలు కర్రలు ఇక్కడ పాతించి సున్నం గీతలు కొట్టించు. అదే ఆటస్థలమని చూపిద్దాం. దుక్కిలో ఆ పొద్దుకి గొర్రు తోలి జొన్న ఎదబెట్టిస్తా. అడిగితే, పక్కన చేను అందాం.”

“నేను పాతను,” అన్నాను.

“ఏందీ?”

“అది మీ మిల్లు దొడ్డి. పత్తి కాటా వేలాడే చోట ఆటస్థలమని అబద్ధం ఆడను. పాతుకుంటే మీరే పాతుకోండి.”

“కాలేజీ రావాలని లేదా నీకు? డైరెక్టరు పని కాళ్ళదాకా వస్తే తంతావా?”

“రావాలనే ఉంది. నా పిల్లల నేల మీదికి రావాలని ఉంది. మీ దొడ్లోకి కాదు.”

ఈసారి ఆయనకు కోపం వచ్చింది. యూనివర్సిటీ పెద్దలు వెళ్ళిన మర్నాటి నుంచి గంట కొట్టే పని కూడా ఉండదని చెప్పి పొమ్మన్నారు. వచ్చేశాను. భయం వెయ్యలేదని అంటే అబద్ధం. ఇంట్లో అమ్మ ఉంది, ఉద్యోగం తప్ప ఏకడానికి దూది కూడా లేదు. కానీ భయం ఒక పక్క, మొండితనం ఒక పక్క నిలబడితే నాలో ఎప్పుడూ మొండితనమే గెలుస్తుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. అననీ.

ఆ రోజు వచ్చింది. పెద్దలు మధ్యాహ్నం రైలుకు దిగారు. నేను అన్నం తిన్నవెంటనే దుక్కిలోకి దిగాను. అప్పటికే ఇన్నయ్య గొర్రు కట్టుకుని, విత్తనాల సంచితో గట్టు మీద ఉన్నాడు. పిల్లలు నా వెనకే దిగారు. ఇన్నయ్య ఎడ్ల వంకా మా వంకా చూశాడు.

“సాయిబు గారూ, నన్ను ఏం చెయ్యమంటారు? అయ్య ఇప్పుడే ఎదబెట్టమన్నాడు.”

“నీ పని నువ్వు చేసుకో ఇన్నయ్యా. మా పని మేం చేసుకుంటాం. నువ్వు పరాయివాడివా, నిన్ను తిట్టను.”

ఇన్నయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఎడ్లను విప్పి గట్టువారన మిగిలిన తుమ్మమోడుకు కట్టేశాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించాడు. “మడుసులు తిరిగే చేలో గొర్రు తోలితే పాపం. అయ్య అడిగితే అదే చెప్తా,” అన్నాడు.

ఆట మొదలైంది. కేకలకు జనం పోగయ్యారు. రేషను దుకాణం దగ్గర నిలబడినవాళ్ళు కూడా వచ్చారు. గోడ అవతల మిల్లు దొడ్డిలో ప్రెసిడెంటు గారు ముగ్గురు పెద్దలకూ సున్నం గీతలు చూపిస్తున్నారని నాకు తెలుసు. అందుకే ఈల కాస్త గట్టిగానే వేశాను.

ముందు తెల్లటి మీసాల పెద్దాయన ఒకరు గోడ తలుపులోంచి వచ్చారు. వెనక మిగిలిన ఇద్దరు, వాళ్ళ వెనక హెడ్మాస్టరు గారు, ఆ వెనక ప్రెసిడెంటు గారు. సరిగ్గా అప్పుడే కోటిగాడు కూతకు పోయాడు. ఒంటి నిండా మట్టి. చెడుగుడు చెడుగుడు చెడుగుడు అంటూ అవతలి గళ్ళో చేతులు చాచి తిరుగుతున్నాడు.

ప్రెసిడెంటు గారికి ముందు వాడు ఆనలేదు. ఆనాక కళ్ళు పెద్దవయ్యాయి.

“ఒరేయ్ కోటిగా! ఇట్రా! బయటికి రారా!”

కోటి తండ్రి వైపు తిరిగాడు. మాట ఆడితే ఊపిరి తెగుతుంది, ఊపిరి తెగితే అవుటు. వాడు తండ్రి కళ్ళలోకి చూస్తూ చెడుగుడు చెడుగుడు చెడుగుడు అన్నాడు.

“రారా అంటుంటే! ఎవురితో మాట్టాడుతున్నావో తెలుసా?”

చెడుగుడు చెడుగుడు చెడుగుడు.

జనం విరగబడి నవ్వారు. తెల్లమీసాల పెద్దాయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. మాలపల్లె రాజారత్నం వెనక నుంచి వచ్చి కోటి నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ దుక్కిలో దొర్లారు. కోటి రాజారత్నాన్ని ఈడ్చుకుంటూ, కూత తెగకుండా, వేలి కొసతో గీత తాకాడు. అప్పుడు గాలి పీల్చుకుని, లేచి, “ఏంది నాయనా, పిలిచావా?” అన్నాడు. నాకు వాణ్ణి ఎత్తుకోవాలనిపించింది.

పెద్దాయన ప్రెసిడెంటు గారి వైపు తిరిగారు.

“నాగభూషణరావు గారూ, అక్కడ గీతలున్నాయి, ఒక్క పిల్లవాడు లేడు. పైన పత్తి కాటా వేలాడుతోంది. ఇక్కడ ఊరంతా ఉంది. బడి పేర ఉన్న ఆటస్థలం ఏది? ఒకటి చెప్పండి. రాసుకుని పోవాలి.”

ప్రెసిడెంటు గారు గోడ వైపు చూశారు. గొర్రు వైపు చూశారు. ఇన్నయ్య చుట్ట వెనక దాచుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. మిల్లు దొడ్డి అంటే అది బడిది కాదు, కాలేజీ పోతుంది. ఇది చేను అంటే ఆటస్థలం లేదు, అయినా కాలేజీ పోతుంది. అంత పెద్ద వ్యాపారి నా ఎదురుగా బేరం లేక నిలబడ్డాడు. జాలి పడాలి కాబోలు. నేను పడలేదు.

“ఇదేనండీ,” అన్నారు నేల చూస్తూ.

“అయ్యా, కాస్త గట్టిగా చెప్పండి. గట్టు మీద వాళ్ళకి వినపడలా,” అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. కానీ చెప్పక తప్పలేదు. “ఇదే మన ఆటస్థలం! చెడుగుడు కోసమని నేనే దున్నించా!” అని అరిచారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు గారు కూడా కొట్టారు. ఎటు దూకాలో పిల్లికి తెలిసిపోయింది.

పెద్దలు ఆ మాటే రాసుకుని పోయారు. నేల దున్నించి చెడుగుడుకు అనువుగా ఉంచిన కమిటీని మెచ్చుకుంటున్నామనీ, ఇకముందు ఏటా అలాగే దున్నించి ఉంచాలనీ, నేర్పే మాస్టారు ఉండాలనీ షరతు పెట్టి కాలేజీ ఇచ్చారు. నన్ను తీసేస్తానన్నవాళ్ళే నాకు ఫిజికల్ డైరెక్టరని కాగితం ఇచ్చారు. ఊళ్ళో ఇప్పటికీ ఈల సాయిబనే అంటారు. మూతులు మాత్రం ఇదివరకంత వంకర పోవడం లేదు.

మళ్ళీ ఏరువాక పున్నమి వచ్చింది. షరతు షరతే. గుమ్మం మీద తండ్రి పేరు నిలవాలంటే ప్రెసిడెంటు గారు తన ఎడ్లు తోలించక తప్పదు. కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టి ఆయన పక్కకు జరిగారు. ఈసారి మొదటి చాలు నేనే తీస్తానని నాగలి పట్టుకున్నాను. నాగలి ఎరగని చేతులు, చాలు పాములా వంకర పోయింది. ఇన్నయ్య నవ్వి మేడి తను అందుకున్నాడు. గట్టు మీద మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

పొద్దు వాలేసరికి దుక్కి అయింది. నాగభూషణరావు గారు గట్టు దిగి, పాదంతో మట్టి నొక్కి చూశారు. ఆయనా రైతే, నేల చూస్తే కాలు ఊరుకోదు.

“మంచి పదును. గింజేస్తే బంగారం పండేది,” అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

నేను ఈల తీసి ఊదాను. పిల్లలు చొక్కాలు విప్పి దుక్కిలోకి దిగారు.